కుటుంబ ప్రార్థనలో చిన్న బిడ్డలకు స్తుతియు కృతజ్ఞతయు నేర్పుట

మన క్రైస్తవ గృహములలో సాయంకాలమున దీపము వెలిగించిన పిమ్మట ఇంటివారందరు చాపమీద కూర్చుండి దేవుని ఆరాధించు వాడుక కలదు. మన పెద్దలు మనకు విడిచిన ఆస్తులలో ఇది మిక్కిలి విలువ గలది. అయినను ఆ చాపమీద కూర్చున్న చిన్న బిడ్డవంక ఒకసారి చూడుడు. తండ్రి దీర్ఘముగా ప్రార్థించుచుండగా బిడ్డ చాప అంచులు పెరుకుచుండును; లేక తల్లి ఒడిలో తల వాల్చి నిద్రించును. తుదకు "ఆమేన్" అను మాట చెవిని బడగానే లేచి అన్నమునకై పరుగెత్తును. ఆ ప్రార్థన యంతటిలో వానికి తెలిసిన మాట అది యొక్కటే.

ఇందుకు బిడ్డను నిందింపరాదు. పాఠశాలలో పాఠము బిడ్డకు అందనప్పుడు తప్పు బిడ్డయందు గాక బోధనాపద్ధతియందు వెదకవలెనని మాకు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్పిరి. గృహములోని ప్రార్థనాపాఠమునకును ఆ సూత్రమే వర్తించును. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో దేవుని మాటలను బిడ్డలకు నేర్పుడని చెప్పినప్పుడు, ఇంట కూర్చున్నప్పుడును, త్రోవను నడచునప్పుడును, పండుకొనునప్పుడును, లేచునప్పుడును వాటినిగూర్చి మాటలాడవలెనని చెప్పబడినది. మాటలాడుట యనగా ఇద్దరు పలుకుట. ఒకరే పలికి మరియొకరు వినుట మాత్రము కాదు. ఈ వ్యాసములో చిన్న బిడ్డలు తామే పలుకునట్లుగా స్తుతిని, కృతజ్ఞతను ఎట్లు నేర్పవచ్చునో మా అనుభవములో తేలిన కొన్ని సంగతులు వ్రాయుచున్నాము. మేము నేర్పినవియే గాక, మేము తప్పి నేర్చుకొన్నదియు ఇందు కలదు.

1. మేలును ఎరిగించుట

"కృతజ్ఞుడు" అను మాటకు "చేయబడినదానిని ఎరిగినవాడు" అని యర్థము. మన భాషలో కృతజ్ఞత యనగా మొదట ఎరుక, తరువాతనే మాట. ఎరుగని మేలునకు వందనము చెప్పించుట చిలుకకు మాటలు నేర్పుటవంటిది. "సకలమైన మేలుల కొరకు వందనములు" అని పెద్దలు ప్రార్థింతురు. నలుబది సంవత్సరముల జీవితము గలవానికి ఆ మాట నిండుగా నుండును. నాలుగేండ్ల బిడ్డకు "సకలమైన" అను మాటలో ఏమియు కనబడదు. ఈ ఉదయమున త్రాగిన పాలు కనబడును. పెరటిలో ఈనిన మేక కనబడును. జ్వరము తగ్గి మరల ఆడుకొనిన సంగతి తెలియును. తెలిసినదానినుండి తెలియనిదానికి, కంటికి కనబడుదానినుండి కనబడనిదానికి బిడ్డను నడిపింపవలెను.

కావున మొదటి నియమమిది: ప్రతి దినము ప్రతి బిడ్డయు ఆ దినమున జరిగిన ఒక్క మేలును తన సొంత మాటతో చెప్పవలెను. నిన్న చెప్పినదానిని నేడు చెప్పరాదు. పెద్దలు మొదట తమది చెప్పి దారి చూపవలెను. తండ్రి "నేడు బస్సు తప్పిపోగా ఒకరు తమ బండిమీద ఎక్కించుకొని వచ్చిరి, అందుకు వందనములు" అని చెప్పినయెడల, బిడ్డ తన దినమును తానే వెదకుకొనుటకు ఆరంభించును. బిడ్డ చెప్పిన మేలు మనకు అల్పముగా తోచినను నవ్వరాదు. "నా పలక పగులలేదు" అని చెప్పిన బిడ్డ దేవుని యెదుట సత్యము చెప్పినది.

136వ కీర్తన ఈ విధమైన బోధనకు మంచి మాదిరి. అందు 26 వచనములు కలవు. వాటిలో అనేక వచనములందు మొదటి భాగము దేవుడు చేసిన యొక కార్యమును చెప్పును. రెండవ భాగములో ఆయన కృప నిరంతరమను ఒకే పల్లవి మరల మరల వచ్చును. ఇశ్రాయేలీయులలో ఒకరు మొదటి భాగము చెప్పగా కూడినవారు పల్లవి పలికియుందురని పండితులు తలంతురు. చదువు రాని బిడ్డ సహితము ఆ పల్లవిని పలుకగలదు. మా యింట పెద్దలు ఆ దినపు మేలులను ఒక్కొక్కటిగా చెప్పగా పిల్లలు ఆ పల్లవి పలుకుదురు. మన కీర్తనలలో పల్లవియు చరణములును ఉండుటయు ఇందుకు అనుకూలము. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారు రచించిన తెలుగు కీర్తనలలో ఒకదానిని ఎన్నుకొని, చరణములు పెద్దలు పాడి పల్లవిని పిల్లలకు విడిచిపెట్టుడు. ఒక మాసము ఒకే కీర్తన పాడినను తప్పులేదు.

2. అన్నపు గొలుసు

జర్మనీ దేశపు విద్యావేత్తయగు ఫ్రోబెల్ (1782–1852) ఒక బోధకుని కుమారుడు. ఏడాది నిండకమునుపే తల్లిని పోగొట్టుకొనెను. అట్టివాడు తల్లులు తమ బిడ్డలతో పాడి యాడుకొనుటకై 1844లో ఒక పాటల పుస్తకము ప్రకటించెను. అందొక ఆటలో గడ్డి కోయువానిని, ఆవును, పాలు పితుకుదానిని తలచి, బిడ్డ త్రాగు పాలవెనుక ఎందరి శ్రమ కలదో చూపెను. చేతులాడించు ఆటలోనే బిడ్డకు కృతజ్ఞత పుట్టవలెనని ఆయన యుద్దేశము.

మేము దానిని మన యన్నమునకు అన్వయించి "అన్నపు గొలుసు" అని పేరు పెట్టితిమి. పళ్లెములోని ఒక మెతుకును చూపి "ఇది ఎక్కడనుండి వచ్చినది?" అని యడుగుదుము. పిల్లలు వరుసగా ఒక్కొక్క కడియము చెప్పుదురు: అమ్మ వండినది; అంగడివాడు బియ్యము తెచ్చినాడు; మిల్లులో వడ్లు ఆడించినారు; కళ్లములో నూర్చినారు; కూలీలు కోసినారు; ఆడువారు వంగి నాట్లు వేసినారు, కలుపు తీసినారు; రైతు దున్ని నారు పోసినాడు; కాలువ నీరు వచ్చినది; వాన కురిసినది. "వాన ఎవరిది?" అని యడుగగా చిన్నవాడు కూడ "దేవునిది" అని కేకవేయును.

గోదావరి డెల్టాలోని పిల్లలైనచో కాలువయొద్ద ఒక నిమిషము నిలుపవలెను. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1847లో ఆరంభింపబడి 1852లో ముగిసెను. ఆర్థర్ కాటన్ దొర పేరు మనకు తెలియును. రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు మనకు తెలియవు. "పేరు తెలియనివారి కొరకు కూడ వందనము చెప్పుదమా?" అని యడిగినప్పుడు పిల్లలు కొంతసేపు మౌనముగా నుందురు. ఆ మౌనము మంచిది. ఆ కొద్ది క్షణములలో వారి లోకము విశాలమగును.

3. దేవునికి వందనము, మనుష్యులకు వందనము

అన్నపు గొలుసులో మొదటి కడియము అమ్మ. అయినను అనేక గృహములలో ప్రార్థన జరుగుచుండగా తల్లి పొయ్యియొద్దనే యుండును. బిడ్డ అన్నముకొరకు దేవునికి వందనము చెప్పును; ఆ యన్నము వండిన చేతులు మాత్రము ఆ చాపమీద లేవు. ఇది సరికాదని తండ్రులకు వినయముతో మనవి చేయుచున్నాము. కూర ఆలస్యమైనను కానిండు. పొయ్యి ఆర్పి తల్లిని పిలువుడు. లేదా తండ్రియు పెద్ద పిల్లలును ఆ పనిలో చేయి వేసి, అందరును కలిసి కూర్చుండుడు. బిడ్డ మన మాటలకన్న మన క్రియలను త్వరగా చదువును.

లూకా సువార్త 17వ అధ్యాయములో పదిమంది కుష్ఠరోగుల కథ కలదు. పదిమందియు స్వస్థత పొందిరి. తిరిగివచ్చినవాడొక్కడే, వాడును సమరయుడు. పిల్లలకు ఈ కథ చెప్పి వారినే పాత్రధారులుగా చేయుడు. పిమ్మట "నేడు నీవు ఎవరియొద్దకు తిరిగివెళ్లి వందనము చెప్పవలసియున్నది?" అని యడుగుడు. వీధి ఊడ్చు ఆమెకు, నీళ్లు తెచ్చు తాతకు, లెక్క చెప్పించిన అక్కకు మరునాడు వెళ్లి చెప్పిననే ఆ పాఠము పూర్తియగును.

ఇచట ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. పేద బిడ్డను చూపి "మనలను దేవుడు అట్లు ఉంచలేదు, వందనము చెప్పుము" అని కొందరు తమ పిల్లలకు నేర్పుదురు. ఇతరులవలె లేనందుకు వందనము చెల్లించిన పరిసయ్యుని ప్రార్థన ఎట్టిదో లూకా 18వ అధ్యాయము మనకు తెలుపుచున్నది. పొరుగువాని లేమి మన కృతజ్ఞతకు మెట్టు కారాదు. మన తల్లులలో అనేకులు అన్నమునకు ఎసరు పెట్టునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము దేవుని పనికై వేరుగా నుంచుదురు. ఆ పిడికిలిని బిడ్డ చేతనే వేయించుడు. ఇచ్చుటవలన నిలుచు కృతజ్ఞత మాటవలన మాత్రమే నిలువదు.

4. మేము చేసిన తప్పు

ఇక మా యింటి సంగతి యొకటి చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా చిన్న కుమారునికి అయిదేండ్లు. వాని నాయనమ్మ మాతోనే యుండెడిది. ఆమె వ్యాధిపడగా ప్రతి సాయంకాలము ఆమె స్వస్థతకొరకు ప్రార్థించితిమి. వాడును చేతులు జోడించి ప్రార్థించెను. ఆమె ప్రభువునందు నిద్రించెను. సమాధిచేసిన మూడవనాడు మరల చాప పరచి, వాడుక ప్రకారము ఒక్కొక్కరు ఒక్కొక్క మేలు చెప్పవలెనని యడిగితిమి. వాని వంతు రాగా వాడు పలుకలేదు. మరల అడుగగా, "నాయనమ్మ మంచము ఖాళీగా ఉంది. ఈ రోజు నాకు వందనాలు లేవు" అనెను.

మేము ఉపాధ్యాయులము, పైగా బంధువులు ఇంటనుండిరి. వాని మాట మాకు సిగ్గు కలిగించెను. "అట్లు అనరాదు, దేవుడు చేసినదంతయు మేలే" యని చెప్పి, నాయనమ్మను తీసికొనినందుకు వందనము చెప్పుమని వానిచేత మా మాటలను పలికించితిమి. వాడు పలికెను. అయితే ఆ దినము మొదలుకొని ప్రార్థనవేళకు వాడు నిద్రపోవుచుండెను. కొన్ని దినములైన పిమ్మట వాని తల్లి మాతో, "వాడు నిద్రపోవుట లేదు, కన్నులు మూసికొని పడియుండును" అని చెప్పెను.

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. మేము బిడ్డకు కృతజ్ఞత నేర్పలేదు. దేవుని యెదుట లేనిదానిని ఉన్నట్లు పలుకుట నేర్పితిమి. అదియు ప్రార్థన పేరిట నేర్పితిమి.

యోహాను సువార్త 11వ అధ్యాయమును మేము ఎన్నియో మారులు తరగతిలో బోధించియుంటిమి. ఆ రాత్రి మొదటిసారి చదివినట్లు చదివితిమి. లాజరు సమాధియొద్ద ప్రభువు తండ్రికి కృతజ్ఞత చెల్లించెను. కాని అంతకుముందే ఆయన కన్నీరు విడిచెను. కన్నీటికి కృతజ్ఞత అడ్డు రాలేదు. కృతజ్ఞతకు కన్నీరు అడ్డు రాలేదు. 13వ కీర్తనలో ఆరు వచనములే కలవు. అది "ఎంతకాలము?" అని దేవుని ప్రశ్నించుటతో ఆరంభమై పాటతో ముగియును. కీర్తనకారుడు మొదటి వచనములను దాటకుండ కడపటి వచనమునకు రాలేదు. మేము బిడ్డను ఒక్కసారిగా కడపటి వచనములోనికి త్రోసితిమి.

మరునాడు సాయంకాలము వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఆ దినము మేము చెప్పించినది తప్పు. నీవు చెప్పినదే నిజము. దేవునితో నిజమే చెప్పవచ్చును" అని చెప్పితిమి. అందరము కలిసి, నాయనమ్మ లేనందున మాకు దుఃఖముగా నున్నదని దేవునితో చెప్పితిమి. అంతటితో ఆ ప్రార్థన ముగించితిమి. ఆ దినమున ఎవరినిగాని వందనము అడుగలేదు. వాని తల్లి మాత్రము మెల్లగా, "నాయనమ్మ నీకేమి చేసెడిది?" అని యడిగెను. వాడు చాలసేపటికి, "కొంగులో బెల్లంముక్క కట్టి తెచ్చేది" అనెను. పిమ్మట తనంతట తానే చేతులు జోడించి, "దేవా, ఆ బెల్లానికి వందనాలు" అని చెప్పి ఏడ్చెను. మేమును ఏడ్చితిమి. వాని నోట మేము వినిన మొదటి నిజమైన కృతజ్ఞతాస్తుతి అదియే.

అప్పటినుండి మా యింట ఒక నియమము కలదు. ఎవరికైనను ఆ దినమున వందనము లేకున్నచో "నేడు నాకు లేదు" అని చెప్పవచ్చును. తక్కినవారు వానిని దిద్దక, వాని పక్షమున తాము ప్రార్థింతురు. ఈ స్వేచ్ఛ నిచ్చుటవలన పిల్లలు కృతఘ్నులగుదురేమో యని మేము మొదట భయపడితిమి. ఆలాగు జరుగలేదు. లేదని చెప్పుటకు సెలవు గలవాడు, ఉన్నదని చెప్పినప్పుడు మనస్ఫూర్తిగా చెప్పును.

5. కృతజ్ఞతనుండి స్తుతికి

పొందిన మేలును తలచుట కృతజ్ఞత. మేలు చేసినవాని గుణమును కొనియాడుట స్తుతి. తండ్రి సంతనుండి తిరిగివచ్చినప్పుడు చిన్న బిడ్డ మొదట ఆయన చేతిసంచివంక చూచును. కొంచెము పెరిగిన బిడ్డ ఆయన ముఖమువంక చూచును. సంచి ఖాళీయైన దినమున సహితము ఆ ముఖమును చూచి సంతోషించును. సంచినుండి ముఖమునకు చూపు మరలుటయే స్తుతి. చిన్న బిడ్డ సంచివంక చూచినందుకు దానిని గద్దింపరాదు; వయస్సుతోడను ప్రేమతోడను ఆ చూపు పైకి లేచును. ఆ మార్గమున నడిపించుటకు ఒక ప్రశ్న చాలును: "ఇట్టి మేలు చేసిన దేవుడు ఎట్టివాడు?" వానకు వందనము చెప్పిన బిడ్డ "ఆయన అందరికి ఇస్తాడు" అనును. జ్వరము తగ్గిన బిడ్డ "ఆయన రాత్రి మెలకువగా ఉంటాడు" అనును. ఆ మాటలే ఆ బిడ్డ కీర్తనలు.

ఈ చిన్న వాడుకలు ఎంత దూరము పోగలవో జర్మనీ దేశపు బోధకుడగు మార్టిన్ రింకార్ట్ (1586–1649) చరిత్ర తెలుపును. ఐలెన్‌బుర్గ్ అను ఆయన పట్టణము ముప్పది సంవత్సరముల యుద్ధమున (1618–1648) మిక్కిలి నలిగెను. 1637లో అచట తెగులు వ్యాపింపగా ఆయన నాలుగువేలమందికి పైగా సమాధి కార్యములు జరిపెను. ఆ యేటనే తన భార్యను కూడ సమాధిచేసెను. నేడు లోకమంతట కృతజ్ఞతారాధనలలో పాడబడు ఆయన స్తుతిగీతము ఆ తెగులునకు కొంచెము ముందు, ఇంటివారు భోజనవేళ చెప్పుకొను చిన్న ప్రార్థనగా పుట్టినదని చెప్పుదురు. మంచి దినములలో భోజనపు బల్లయొద్ద నేర్చినది చెడు దినములలో తోడుగా నిలుచును. చెడు దినము వచ్చిన తరువాత క్రొత్తగా నేర్చుట కష్టము.

6. ఒక వారపు క్రమము

ఆరాధన పది నిమిషములు మించరాదు. ఒక పాట, ఒక చిన్న కథ లేక వాక్యభాగము, ఒక్కొక్కరి మేలు, నాలుగైదు వాక్యముల ప్రార్థన, అందరు కలిసి ప్రభువు ప్రార్థన, ఇంతే చాలును. ఈ క్రింది క్రమము ఉపయోగపడునేమో చూడుడు.

ఆదివారము: వెలుగు, చెట్లు, పక్షులు. ఆదికాండము 1. పిల్లలు ఆ దినమున చూచిన ఒక ప్రాణిని పేర్కొనవలెను.
సోమవారము: మన దేహము. 139వ కీర్తన. కన్నులు మూసికొని చెవులకు వినబడినవాటిని చెప్పవలెను.
మంగళవారము: అన్నము. 104వ కీర్తన. అన్నపు గొలుసు ఆట.
బుధవారము: ఇంటివారు. ఒక్కొక్కరు ప్రక్కనున్నవారినిగూర్చి ఒక మంచిమాట చెప్పవలెను.
గురువారము: ఊరిలో మనకొరకు పనిచేయువారు. లూకా 17. ఎవరికి వందనము చెప్పవలెనో నిశ్చయింపవలెను.
శుక్రవారము: మన ప్రభువు ప్రేమయు సిలువయు. ఈ దినమున మాటలు తగ్గించి పాట పాడవలెను.
శనివారము: వారములోని దుఃఖములు. 13వ కీర్తన. ఎవరి మనస్సులో నేమి యున్నదో భయము లేక చెప్పవలెను.

7. విద్యార్థులకు ఒక మాట

ఈ పత్రిక చదువు విద్యార్థులారా, మీలో కొందరి తలిదండ్రులు చదువు ఎరుగరు. ఇంట వాక్యము చదువు భారము మీదే. మరికొందరి తండ్రులు కువైటు మొదలగు దూరదేశములలో కష్టపడుచున్నారు. వారి స్వరము ఫోనులోనే వినబడును. మీ తమ్ముళ్లకును చెల్లెండ్రకును మీరే నాయకులు. వారికి పెద్ద ప్రసంగము చేయకుడు. ప్రక్కన కూర్చుండి, "నేడు నీకేమి మంచి జరిగినది?" అని యడుగుడు. "ఏమియు లేదు" అనినచో ఆ మాటను కూడ గౌరవింపుడు. మా పాఠశాలలోని ఇతర మతస్థులగు బాలబాలికలు సహితము భోజనమునకు ముందు అన్నపు గొలుసు చెప్పుకొనవచ్చును. అమ్మకు వందనము చెప్పుట అందరికిని తగును.

తలిదండ్రులు తమలో తాము ఆలోచించుకొనుటకు మూడు ప్రశ్నలు విడుచుచున్నాము. నిన్నటి ప్రార్థనలో మన బిడ్డ తన సొంతముగా పలికిన మాట ఏది? ప్రార్థనవేళ మన యింట చాపమీద లేనివారెవరు? మన బిడ్డ తన దుఃఖమును మన యెదుట దేవునితో చెప్పుకొనగలదా?

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో ప్రథమఫలములు తెచ్చిన రైతు గంప దించి చెప్పవలసిన మాటలు కలవు. అందు మంచి దేశమును, పంటను మాత్రమే గాక, పితరుల సంచారమును, ఐగుప్తులోని బాధను, మొఱ్ఱను కూడ అతడు చెప్పవలెను. కన్నీటి దినములను దాచక, వాటితోకూడ గంపను దేవుని యెదుట నుంచుటయే కృతజ్ఞత. మన చిన్న బిడ్డల చేతులలోని గంప మిక్కిలి చిన్నది. అందొక బెల్లపుముక్కయే యుండవచ్చును. దానిని వారిచేతనే తెప్పింతము. ఆయన దానిని త్రోసివేయడు.